చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రాలు: చిన్న విడిభాగాల తయారీకి ఎంపిక

అరచేతిలో ఇమిడే లోహపు, ప్లాస్టిక్ భాగాలను కంప్యూటర్ ప్రోగ్రాం ప్రకారం కోసి తీర్చే, తక్కువ చోటులో పట్టే యంత్రాలు చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రాలు. బల్లమీద పెట్టుకునే, ఇరవై కిలోలైనా లేని యంత్రం వీటిలో ఒక కొస. రెండు మూడు టన్నుల బరువుతో చిన్న షెడ్డులో నిలబడే వర్టికల్ మెషినింగ్ సెంటర్ మరో కొస. షాపుల్లో అందరూ వీఎంసీ అనేది దీన్నే. సెన్సార్లను బిగించే బ్రాకెట్లు, వాల్వుల బాడీలు, డ్రోన్ల భాగాలు, విరిగిన ఎముకలకు అమర్చే ప్లేట్లు, ఎలక్ట్రానిక్ పెట్టెల మూతలు, గడియారాల కేసులు వీటి మీద తయారవుతాయి.

కొనబోయేవారు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు: టేబుల్ ఎంత, మోటారు ఎన్ని హార్స్‌పవర్, ధర ఎంత. చిన్న భాగాల పనిలో మొదటి రెండింటికీ ఉన్న విలువ తక్కువ. గోరంత అల్యూమినియం ముక్కలో రెండు మిల్లీమీటర్ల రంధ్రం వెయ్యడానికి పది హార్స్‌పవర్ మోటారు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఆ రంధ్రానికి కావలసినవి స్పిండిల్ (టూల్‌ను పట్టుకుని తిప్పే ఇరుసు) వేగం, వణకని శరీరం, టూల్ మార్చడంలోనూ జాబ్ (కోయాల్సిన ముక్క) బిగించడంలోనూ వృథా కాని సమయం. చిన్న భాగం మీద లోహాన్ని కోసే సమయం కంటే కోయకుండా గడిచే సమయమే తరచుగా ఎక్కువ ఉంటుంది. ఎంపికంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరగాలని ఈ వ్యాసం వాదన.

పూర్వరంగం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హెలికాప్టర్ రెక్కల పనిలో ఉన్న జాన్ పార్సన్స్ 1940ల చివర్లో ఒక ఆలోచన చేశాడు. వంపు తిరిగిన ఆకారాన్ని వరస బిందువుల అంకెలుగా లెక్కకట్టి, ఆ అంకెలతోనే యంత్రాన్ని నడిపించవచ్చన్నది దాని సారాంశం. అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని సర్వో మెకానిజమ్స్ ప్రయోగశాల ఒక సిన్సినాటి హైడ్రోటెల్ మిల్లింగ్ యంత్రానికి వందలాది వాక్యూమ్ ట్యూబుల నియంత్రణ పెట్టెను తగిలించి 1952లో పనిచేయించి చూపింది. ఆ పెట్టె యంత్రానికి దీటుగా చోటు ఆక్రమించేది.

చిన్న షాపుల దారి వేరు. కనెటికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో రుడాల్ఫ్ బానో రూపొందించిన నిలువు మిల్లింగ్ యంత్రం 1938లో వచ్చింది. మన షాపుల్లో ఎం వన్ టీఆర్ అని పిలిచే యంత్రాలు ఆ కుదురువే. మైక్రోప్రాసెసర్లు చవకయ్యాక ఇలాంటి యంత్రాలకే మోటార్లు, కంట్రోలర్ బిగించి సీఎన్‌సీగా మార్చడం మొదలైంది. జీన్ హాస్ స్థాపించిన హాస్ ఆటోమేషన్ 1988లో వీఎఫ్-1 అనే వీఎంసీని 50 వేల డాలర్ల లోపు ధరకు ప్రకటించాక చిన్న షాపుకు కూడా మెషినింగ్ సెంటర్ అందుబాటులోకి వచ్చింది. విస్కాన్సిన్‌కు చెందిన టార్మాక్ 2005లో పీసీఎన్‌సీ 1100ను తెచ్చింది. 2009లో వచ్చిన గర్బుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కొన్ని వందల రూపాయల ఆర్డుయినో బోర్డుతోనే మూడు అక్షాల యంత్రాన్ని నడపగలిగింది. బల్లమీది యంత్రాలు ఇంతగా వ్యాపించడానికి అది పెద్ద కారణం.

తెలుగు నేల మీద ఈ విద్యకు హైదరాబాద్ పాత చిరునామా. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో ఏర్పడింది. బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో మొదలైంది. సీఐటీడీ అంటేనే అందరికీ తెలుస్తుంది. రక్షణ, అంతరిక్ష, అణుశక్తి సంస్థలకు భాగాలు చేసే ఎంటార్ 1970లో ఇక్కడే పుట్టింది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కుషాయిగూడల్లోని వందలాది చిన్న షెడ్లు జాబ్ వర్క్ మీద బతుకుతున్నాయి. ఒకే యంత్రంతో మొదలుపెట్టే యువకుడికి ఈ ఎంపిక ప్రశ్న ఎదురయ్యేది ఎక్కువగా అక్కడే.

తెగలు

చిన్న యంత్రాలన్నీ ఒక్క జాతి కాదు. కాలిఫోర్నియాలో తయారయ్యే షెర్లైన్ వంటి బల్లమీది యంత్రాలు గడియారాల పనికి, నమూనాల తయారీకి, చదువుకు బాగా పనికొస్తాయి. ఇత్తడి, ప్లాస్టిక్, మెత్తని అల్యూమినియం వీటి పరిధి. ఉక్కు కోయలేవని కాదు. కోసేలోగా టీ చల్లారిపోతుంది. రోజుకు వందల భాగాలు తీయాలనుకునేవారు వీటి జోలికి పోకపోవడం మంచిది.

రెండో తెగ రౌటర్లు. టేబుల్ మీదుగా అడ్డ వంతెన కదిలే ఈ యంత్రాలు చెక్కకు, అక్రిలిక్‌కు, పలుచని అల్యూమినియం రేకుకు పుట్టినవి. వీటి స్పిండిల్ మీద 2.2 కిలోవాట్లు, 24,000 ఆర్‌పీఎం అని రాసి ఉండటం చూసి ఇది వీఎంసీకి సమానమే కదా అనుకునేవారున్నారు. లెక్క చూస్తే పూర్తి వేగంలో ఆ మోటారు ఇచ్చే టార్క్ న్యూటన్ మీటరు కూడా లేదు. వేగం 3,000కు తగ్గిస్తే టార్క్ అంతే ఉండి శక్తి పావు కిలోవాటు దగ్గరకు పడిపోతుంది. ఉక్కులో ఎం6 ట్యాప్ వెయ్యడానికి దాదాపు రెండు న్యూటన్ మీటర్లు కావాలి. కాబట్టి ఆ స్పిండిల్ ఆ ట్యాప్‌ను తిప్పలేదు.

మూడో తెగ టార్మాక్ తరహా: పోత ఇనుప శరీరం, ఒకటిన్నర హార్స్‌పవర్ లోపు మోటారు, టూల్ చేత్తో మార్చడం లేదా ఐచ్ఛికంగా టూల్ ఛేంజర్ తగిలించుకోవడం. రకరకాల భాగాలు పదీ ఇరవై చొప్పున చేసే షాపుకు ఇది నిజాయితీగల యంత్రం.

నాలుగోది డ్రిల్ ట్యాప్ సెంటర్. జపాన్‌కు చెందిన బ్రదర్ స్పీడియో, ఫానుక్ రోబోడ్రిల్ ఈ తెగకు పేరుమోసిన ప్రతినిధులు. చిన్న స్పిండిల్, తేలికైన టూల్స్, మెరుపులా కదిలే అక్షాలు వీటి లక్షణం. మొబైల్ ఫోన్ల లోహపు చట్రాలు లక్షల్లో తీసింది ఈ తెగ యంత్రాలే. ఐదోది చిన్న సైజు వీఎంసీ. హాస్ మినీ మిల్ దీనికి ఉదాహరణ: అక్షాల ప్రయాణం 406, 305, 254 మిల్లీమీటర్లు, స్పిండిల్ మాత్రం పెద్ద యంత్రాలది. మన దేశంలో బెంగళూరుకు చెందిన బీఎఫ్‌డబ్ల్యూ, రాజ్‌కోట్‌కు చెందిన జ్యోతి, కోయంబత్తూరుకు చెందిన ఎల్‌ఎండబ్ల్యూ వంటి సంస్థలు వీఎంసీలు తయారుచేస్తున్నాయి. చిన్న భాగాల ఉత్పత్తికి అసలు పోటీ ఈ నాలుగో, ఐదో తెగల మధ్యనే.

స్పిండిల్

ఎండ్ మిల్ (పక్కలతోనూ కొసతోనూ కోసే టూల్) అంచు లోహాన్ని నిమిషానికి ఎన్ని మీటర్ల వేగంతో కోయాలో ఆ లోహమూ, టూల్ పదార్థమూ నిర్ణయిస్తాయి. ఆ వేగాన్ని వెయ్యితో గుణించి, టూల్ చుట్టుకొలతతో భాగిస్తే ఎన్ని చుట్లు తిరగాలో తెలుస్తుంది. కార్బైడ్ టూల్‌తో అల్యూమినియంను నిమిషానికి 200 మీటర్ల వేగంతో కోయవచ్చనుకుంటే 6 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ సుమారు 10,600 చుట్లు తిరగాలి. 3 మిల్లీమీటర్లదైతే 21,000 పైన. అదే ఈఎన్8 ఉక్కును 80 మీటర్ల వేగంతో 10 మిల్లీమీటర్ల టూల్‌తో కోయాలంటే 2,550 చాలు.

స్పిండిల్ నెమ్మదిగా ఉంటే ఫీడ్‌ను, అంటే టూల్ ముందుకు నడిచే వేగాన్ని, కూడా తగ్గించాలి. మూడు పళ్ళ 6 మిల్లీమీటర్ల టూల్ ఒక్కో పంటికి 0.04 మిల్లీమీటర్ల చొప్పున కోస్తోందనుకోండి: 10,600 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1,270 మిల్లీమీటర్లు నడుస్తుంది, 4,000 దగ్గర 480 మాత్రమే. అంటే చిన్న టూల్స్‌తో అల్యూమినియం కోసే షాపు నెమ్మది స్పిండిల్ కొంటే, ఎన్ని హార్స్‌పవర్ ఉన్నా రోజులో సగానికి పైగా పారబోసుకుంటుంది. ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు పెద్ద టూల్స్‌తో కోసేవారి సంగతి దీనికి తలకిందులు. వారికి కింది వేగాల్లో టార్క్ కావాలి.

శక్తిని కూడా లోహం తొలగించే పరిమాణం నుంచే లెక్కకట్టవచ్చు. ఘన సెంటీమీటరు లోహాన్ని నిమిషంలో తీయడానికి ఉక్కుకు 40 వాట్లకు అటూఇటూ, అల్యూమినియంకు అందులో మూడో వంతు సరిపోతాయి. కాబట్టి కోత దగ్గర 1.2 కిలోవాట్లు అందితే అల్యూమినియం నిమిషానికి 90 ఘన సెంటీమీటర్లు పోతుంది. అగ్గిపెట్టెంత భాగం చేసేవారికి అంతకు మించి ఎప్పుడు కావాలి?

టూల్ హోల్డర్ కూర్చునే శంకువు స్పిండిల్ స్వభావాన్ని చెబుతుంది. బీటీ30 శంకువు పెద్ద కొస 31.75 మిల్లీమీటర్లు, బీటీ40ది 44.45. మొదటిది తేలిక, త్వరగా వేగం అందుకుంటుంది, త్వరగా ఆగుతుంది. కానీ ఒక్కో టూల్ బరువు సాధారణంగా మూడు కిలోలు దాటనివ్వరు, పెద్ద ఫేస్ కట్టర్ తగిలిస్తే అరుస్తుంది. రెండోది బండపని చేస్తుంది. 100 మిల్లీమీటర్ల లోపు అల్యూమినియం, ఇత్తడి, ప్లాస్టిక్ భాగాలే పనైతే బీటీ30 తీసుకోవాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వారానికి రెండుసార్లు ఈఎన్24 ఉక్కు దిమ్మలు వస్తాయంటే బీటీ40కే వెళ్ళాలి. బ్రిడ్జ్‌పోర్ట్ నుంచి వచ్చిన ఆర్8 శంకువు చేత్తో టూల్ మార్చే యంత్రాలకు బాగానే ఉన్నా, ఆటోమేటిక్ టూల్ ఛేంజర్‌తో దానికి నేరుగా పొసగదు.

స్పిండిల్ తిరిగేటప్పుడు టూల్ కొస ఎంత ఊగుతోందో చెప్పే రనౌట్ అంకె కేటలాగు చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చిన్న భాగాలు చేసేవారు మొదట చూడవలసింది అదే. ఒక మిల్లీమీటరు ఎండ్ మిల్ పంటికి 0.01 మిల్లీమీటర్ల చొప్పున కోస్తున్నప్పుడు రనౌట్ కూడా 0.01 ఉంటే, పని అంతా ఒక్క పంటి మీదే పడుతుంది. రెండో పన్ను గాలిలో తిరుగుతుంది. టూల్ ఊరికే విరుగుతోందని తయారీదారును తిట్టుకునే షాపుల్లో సగం తప్పు టూల్‌ను పట్టే కొలెట్‌లో, స్పిండిల్‌లో ఉంటుంది.

బిగువు, కచ్చితత్వం, ఎండ

యంత్రం బరువు చూడటం పాతకాలపు పద్ధతిగా తోచవచ్చు, కానీ ఇప్పటికీ తప్పుదారి పట్టించని అంకె అదొక్కటే. పోత ఇనుము కంపనాన్ని మింగేస్తుంది. అల్యూమినియం గొట్టాలతో కట్టిన చట్రం ఆ పని చెయ్యలేదు, దాని బిగువు కూడా ఉక్కు బిగువులో మూడో వంతే. టూల్ విషయంలో లెక్క ఇంకా కఠినం. టూల్ బయటకు పొడుచుకొచ్చిన పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లు, వ్యాసం సగమైతే పదహారు రెట్లు. మంచి యంత్రం కొని, టూల్‌ను అవసరానికి మించి బయటకు లాగి పట్టుకుంటే ఆ డబ్బంతా దండగ.

అక్షాలను నడిపే స్క్రూ రకం అడిగి తెలుసుకోవాలి. మామూలు మరల స్క్రూలో వెనక్కి తిరిగినప్పుడల్లా కొంత వదులు ఉంటుంది. దాన్నే బ్యాక్‌లాష్ అంటారు. గుండ్రని పాకెట్ కోస్తే నాలుగు చోట్ల గీతలు పడటం దాని గుర్తు. బాల్‌స్క్రూ ఈ వదులును దాదాపు పోగొడుతుంది. బాల్‌స్క్రూల్లోనూ తరగతులున్నాయి: సీ10 తరగతిది 300 మిల్లీమీటర్ల పొడవులో 0.21 మిల్లీమీటర్ల దాకా తప్పవచ్చు, సీ7ది 0.05. చవక యంత్రాల్లో తరచుగా వచ్చేవి ఈ రెండే. స్టెప్పర్ మోటార్లు భారం ఎక్కువైతే చెప్పాపెట్టకుండా అడుగులు తప్పుతాయి, కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియదు. మిగతా జాబ్ అంతా పక్కకు జరిగి కోస్తుంది. ఎన్‌కోడర్ ఉన్న సర్వో మోటారైతే తప్పును పసిగట్టి సరిచేస్తుంది, లేదంటే అలారం ఇచ్చి ఆగుతుంది. రాత్రిపూట మనిషి లేకుండా నడపాలనుకునేవారికి ఈ ఒక్క తేడా చాలు.

కేటలాగులో రాసే కచ్చితత్వం, పునరావృత కచ్చితత్వం వేరు వేరు. చెప్పిన చోటికి ఎంత దగ్గరగా వెళ్ళిందన్నది మొదటిది. ప్రతిసారీ అదే చోటికి వస్తోందా అన్నది రెండోది. ఉత్పత్తిలో రెండోదే ప్రాణం, ఎందుకంటే స్థిరమైన తప్పును ఆఫ్‌సెట్‌తో సరిదిద్దవచ్చు. ఈ రెండింటినీ కొలిచే పద్ధతికి ఐఎస్ఓ 230-2 ప్రమాణం ఉంది. ఆ ప్రమాణం పేరు చెప్పకుండా ఇచ్చిన అంకెలను పోల్చడం వృథా.

ఇక వేడి. కొలతల ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మే నెలలో రేకుల షెడ్డులో 40 డిగ్రీలు మామూలే. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం భాగం ఆ 20 డిగ్రీల తేడాకు దాదాపు 0.046 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ భాగాన్ని అక్కడే వెర్నియర్‌తో కొలిచి పాస్ చేసి, ఏసీ గదిలో ఉన్న కస్టమర్ ఇన్‌స్పెక్షన్‌కు పంపితే తక్కువ కొలతకు తిరిగొస్తుంది. ఉదయం యంత్రం చల్లగా ఉన్నప్పుడు తీసిన మొదటి భాగానికీ, మధ్యాహ్నం తీసిన భాగానికీ తేడా రావడానికి కారణం కూడా ఇదే. స్పిండిల్‌ను పావుగంట వేడెక్కించి పని మొదలుపెట్టడం, 20 మైక్రాన్ల లోపు కొలతలున్న ఆర్డర్లకు గదిని చల్లబరచడం యంత్రం ధరతో పాటే లెక్కలో పడాల్సిన ఖర్చులు.

కోయని సమయం

ఒక ఉదాహరణ కడదాం. 40×25×12 మిల్లీమీటర్ల అల్యూమినియం బ్రాకెట్. ఆరు టూల్స్ కావాలి: ఫేస్ కట్టర్, రెండు ఎండ్ మిల్స్, డ్రిల్, ఎం3 ట్యాప్, అంచులు తీసే చాంఫర్ టూల్. నిజమైన కోత 90 సెకన్లు. జాబ్ తీసి కొత్తది బిగించడానికి 30 సెకన్లు. టూల్ చేత్తో మారిస్తే ఒక్కోదానికి 30 సెకన్ల చొప్పున 180 సెకన్లు. మొత్తం భాగానికి ఐదు నిమిషాలు. టూల్ ఛేంజర్ ఐదు సెకన్లు తీసుకునే వీఎంసీ మీద అదే భాగం 150 సెకన్లు. ఒకటిన్నర సెకనులో మార్చే డ్రిల్ ట్యాప్ సెంటర్ మీద 129. కోత సమయం మూడింటిలోనూ ఒకటే అనుకున్నాం, చూడండి.

ఇప్పుడు ఒక ఫిక్చర్ (జాబ్‌లను పట్టి ఉంచే ప్లేటు) చేసి ఎనిమిది జాబ్‌లు ఒకేసారి బిగిద్దాం. ప్రతి టూల్ ఒకసారి వచ్చి ఎనిమిదింటినీ కోసి వెళుతుంది. చేతి మార్పిడి యంత్రం మీద భాగానికి పట్టేది 143 సెకన్లకు పడిపోతుంది. వీఎంసీ మీద 124, డ్రిల్ ట్యాప్ సెంటర్ మీద 121. ఐదు నిమిషాలకూ రెండు నిమిషాలకూ ఉన్న అగాధాన్ని ఒక అల్యూమినియం ప్లేటు, కొన్ని క్లాంపులు ఇంచుమించు పూడ్చేశాయి. రెండు ఫిక్చర్లు చేసుకుని, యంత్రం ఒకదాన్ని కోస్తుండగా రెండోదాన్ని బయట నింపుకుంటే బిగించే 30 సెకన్లలోనూ చాలా భాగం మాయమవుతుంది.

చేతి మార్పిడి యంత్రానికి ఒక లోపం మాత్రం మిగిలిపోతుంది. మనిషి దాని పక్కనే ఉండాలి. ఆటోమేటిక్ టూల్ ఛేంజర్ ఉన్న రెండు యంత్రాలను ఒకే ఆపరేటర్ చూసుకోగలడు; ఆ పక్కన కూర్చుని బర్ తీయడం, కొలతలు చూడటం, ప్యాకింగ్ కూడా చేసుకోగలడు. రకానికి పది భాగాలు మాత్రమే వచ్చే షాపులో ఫిక్చర్ చేసే ఓపిక ఉండదు, అక్కడ టూల్ ఛేంజర్‌లో ఎక్కువ గళ్ళు ఉండటమే సుఖం. అన్ని జాబ్‌లకూ వాడే టూల్స్ శాశ్వతంగా అందులోనే ఉండిపోతే, కొత్త ఆర్డర్‌కు సెట్టింగ్ గంటల నుంచి నిమిషాలకు దిగుతుంది. పది గళ్ళ కంటే ఇరవై గళ్ళకు అదనంగా పెట్టే డబ్బు, రెండు హార్స్‌పవర్‌కు అదనంగా పెట్టే డబ్బు కంటే త్వరగా తిరిగొస్తుంది.

రెండో వైపు సంగతి మరవకూడదు. చాలా భాగాలకు ఒక వైపు కోశాక తిరగేసి మళ్ళీ కోయాలి. మెత్తని దవడలను, అంటే సాఫ్ట్ జాస్‌ను, భాగం ఆకారంలో కోసుకుని పట్టుకోవడం దీనికి పాత ఉపాయం. నాలుగో అక్షం కొంటే నాలుగు ముఖాలు ఒకే బిగింపులో అవుతాయి. అయితే అది టేబుల్ మీద కూర్చుని ఎక్స్ అక్షం ప్రయాణాన్ని తినేస్తుంది. 300 మిల్లీమీటర్ల టేబుల్ ఉన్న యంత్రానికి దాన్ని తగిలించాక ఒక్క వైస్‌కు కూడా చోటు మిగలకపోవచ్చు.

జెడ్ అక్షం దగ్గర కూడా ఇలాంటి ఉచ్చే ఉంది. వైస్ ఎత్తు 75 మిల్లీమీటర్లు, జాబ్ 30, హోల్డర్‌తో కలిపి డ్రిల్ పొడవు 130 అంటే అప్పటికే 235 అయ్యాయి. డ్రిల్ పైకి లేవాలి, టూల్ ఛేంజర్ తిరగాలి. స్పిండిల్ ముక్కుకూ టేబుల్‌కూ మధ్య ఉన్న గరిష్ఠ దూరం చూడకుండా కొన్న యంత్రాల మీద పొడవాటి డ్రిల్స్ ఎప్పటికీ పెట్టెలోనే ఉంటాయి.

చోటు, కరెంటు, గాలి, నీరు

కేటలాగులో ఇచ్చిన పొడవు వెడల్పులు తలుపులు మూసి ఉన్నప్పటివి. చిప్స్ ట్రే లాగడానికి, వెనక ఎలక్ట్రికల్ ప్యానెల్ తెరవడానికి, పక్కన మనిషి నిలబడడానికి చోటు కలుపుకోవాలి. షట్టర్ ఎత్తు కొలిచి చూసుకోవాలి. హైడ్రా క్రేన్ వచ్చి వీధిలో నిలబడ్డాక యంత్రం లోపలికి పట్టదని తెలిసే సందర్భాలు అరుదేమీ కాదు. టన్నుల బరువున్నదాన్ని పై అంతస్తులో పెట్టాలంటే కట్టడాల ఇంజనీరును అడగాలి.

బల్లమీది యంత్రాలు ఇంటి 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద నడుస్తాయి. వీఎంసీలకు సాధారణంగా 415 వోల్టుల త్రీ ఫేజ్ కావాలి. కరెంటు మధ్యలో పోతే తిరుగుతున్న టూల్ జాబ్‌లోనే ఇరుక్కుని విరగవచ్చు. సర్వో స్టెబిలైజర్, విడిగా తీసిన ఎర్త్ గుంట, కంట్రోలర్‌కు యూపీఎస్ అనేవి విలాసాలు కావు. టూల్ బిగింపు వదలడానికి సాధారణంగా 6 బార్ దగ్గర గాలి పీడనం కావాలి, అంటే కంప్రెసర్, గాలిలోని తేమను పట్టే డ్రయర్ కూడా కొనాలి. కూలెంట్‌లోని నీరు వేసవిలో ఆవిరై తగ్గిపోతుంది, నూనె పాళ్ళు పెరుగుతాయి. రిఫ్రాక్టోమీటర్‌తో వారానికోసారి చూసుకోకపోతే వాసన, తుప్పు, ఆపరేటర్ చేతులకు దురద వస్తాయి.

కంట్రోలర్

యంత్రపు మెదడు ఎంపికలో సాంకేతికత కంటే మనుషులే ముఖ్యం. మన ఐటీఐలలోనూ, సీఐటీడీలోనూ ఎక్కువమంది చేయి తిరిగేది ఫానుక్ మీద, తర్వాత సీమెన్స్ మీద. అందరూ ఎరిగిన కంట్రోలర్ ఉంటే ఆపరేటర్ మానేసిన మర్నాడు ఇంకొకడు దొరుకుతాడు. యంత్రానికి ప్రోగ్రాం రాసే జీ-కోడ్ భాషకు ఐఎస్ఓ 6983 వంటి ప్రమాణం ఉన్నా ప్రతి కంట్రోలర్‌కూ తన యాస ఉంటుంది. డ్రాయింగ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఆ యాసలోకి మార్చే పోస్ట్ ప్రాసెసర్ సిద్ధంగా ఉందో లేదో ముందే అడగాలి. సొంతంగా యంత్రం కట్టుకునేవారికి అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల పని నుంచి ఎదిగిన లైనక్స్‌సీఎన్‌సీ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని సరిచేసుకునే ఓపిక ఉన్నవారికి అది గొప్ప వరం, ఉత్పత్తి గడువులు నెత్తిమీద ఉన్నవారికి మాత్రం కాదు.

ఖర్చు లెక్క

యంత్రం, టూల్ హోల్డర్లు, ఫిక్చర్లు, కంప్రెసర్ అన్నీ కలిపి 24 లక్షలు అయిందనుకుందాం. ఎనిమిదేళ్ళకు అరిగిపోతుందనుకుని, ఏడాదికి 2,400 గంటలు నడిపితే గంటకు తరుగుదల 125 రూపాయలు. సగటున 12 లక్షల మీద 11 శాతం వడ్డీ గంటకు 55. నెలకు 25 వేల జీతమిచ్చే ఆపరేటర్ 125. కరెంటు 32, టూల్స్, అద్దె, మరమ్మతులు వంద. వెరసి 437 రూపాయలు. ఆర్డర్లు లేక ఏడాదికి 1,200 గంటలే నడిస్తే మొదటి మూడు అంకెలూ రెట్టింపై గంట ఖర్చు 740 దాటుతుంది. ధరలో రెండు లక్షలు బేరమాడి తగ్గించినందుకు గంటకు మిగిలేది సుమారు పదిహేను రూపాయలు. యంత్రం ఖాళీగా నిలబడితే పోయేది మూడు వందలు. అందుకే సర్వీస్ ఇంజనీర్ ఎక్కడుంటాడు, ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో వస్తాడు, స్పేర్ పార్టులు దేశంలో ఉన్నాయా అనే ప్రశ్నలు ధర కంటే ముందు అడగదగ్గవి. విదేశం నుంచి నేరుగా తెప్పించుకున్న చవక యంత్రం సర్వో డ్రైవ్ కాలిపోయిన రోజున ఖరీదైనదవుతుంది.

కొత్తగా ఉత్పత్తి సంస్థ పెట్టేవారికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద 50 లక్షల వరకు ప్రాజెక్టుకు సబ్సిడీతో కూడిన రుణం ఉంది. కొనకముందే భాగాన్ని తీయించి చూసుకోవాలంటే సీఐటీడీ ఉంది, 2023 మార్చిలో హైదరాబాద్‌లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది.

పాత యంత్రాలు

పదేళ్ళు నడిచిన జపాన్, తైవాన్ యంత్రాలు సగం ధరకే దొరుకుతాయి. మంచి పాత యంత్రం నాసిరకం కొత్త యంత్రం కంటే నయం, కానీ చూడటం తెలియాలి. స్పిండిల్‌ను పూర్తి వేగంలో అరగంట తిప్పి, చేతితో తాకి వేడి, చెవితో శబ్దం గమనించాలి. డయల్ గేజ్ పెట్టి ప్రతి అక్షాన్నీ ముందుకూ వెనక్కూ పది మైక్రాన్ల చొప్పున కదిపితే బాల్‌స్క్రూ వదులు బయటపడుతుంది. దాన్ని మధ్యలోనూ చివర్లలోనూ చూసి పోల్చాలి, ఎక్కువగా అరిగేది మధ్యభాగమే కాబట్టి. పారామీటర్లను నిలిపి ఉంచే బ్యాటరీ ఎప్పుడు మార్చారో, పారామీటర్ల కాపీ ఉందో లేదో అడగాలి. పాత కంట్రోలర్లలో మెమరీ చాలక పొడవైన ప్రోగ్రాంలు కేబుల్ ద్వారా ముక్కలు ముక్కలుగా పంపాల్సి వస్తుంది. నిమిషానికి 60 మీటర్లు పరుగెత్తే కొత్త యంత్రం పక్కన ఇవి ముసలివాటిలా అనిపిస్తాయి. నెలకు నాలుగు రకాల భాగాలే చేసే షాపుకు ఆ ముసలితనంతో ఇబ్బందేమీ లేదు.

కొనేముందు పరీక్ష

మెషినింగ్ సెంటర్ల మీద కోసి చూసే నమూనా ముక్కలకు ఐఎస్ఓ 10791-7 ప్రమాణం ఉంది. బాల్‌బార్ అనే సాధనంతో పావుగంటలో యంత్రం గీసే వృత్తం ఎంత గుండ్రంగా ఉందో చూడవచ్చు. ఈ రెండూ అమ్మకందారును అడగదగినవే. వాటికంటే నమ్మదగిన పరీక్ష మీ దగ్గరే ఉంది. మీకు ఎక్కువ ఆర్డర్లు వచ్చే భాగపు డ్రాయింగ్, మీరు వాడే లోహపు ముక్కలు తీసుకెళ్ళి, అమ్మకందారు షోరూంలో మీ కళ్ళముందే యాభై భాగాలు ఆపకుండా కోయించండి. మొదటిది, ఇరవై అయిదోది, చివరిది మీ మైక్రోమీటర్‌తోనే కొలవండి. భాగానికి పట్టిన సమయాన్ని గడియారం చూసి రాసుకోండి. అదే పరీక్షను యంత్రం మీ షెడ్డుకు వచ్చాక మళ్ళీ చేస్తామని, అది పాసయ్యాకే ధరలో చివరి పది శాతం చెల్లిస్తామని ఆర్డర్ కాగితంలో రాయించండి. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఎంత తక్కువ ధరకు వచ్చినా కొనవద్దు.